బొమ్మలో మా మిద్దె

నాచారం,
మే నెల

బిడ్డా ప్రజ్ఞా,

మల్లవ్వ దీవెనలు. నువ్వు పంపిన బొమ్మ చేరింది. సిరి వాళ్ల నాయన డ్యూటీ దిగి వస్తూ మీ ల్యాబు గేటు దగ్గర కవరు తీసుకుని, మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. చెమటకు ఒక మూల తడిసింది, అంతే.

నువ్వు ఫోను చేస్తే ఎత్తడం లేదని మనసులో పెట్టుకోకు. నువ్వూ నా బిడ్డ సిరీ ఒకే తీరుగా "అమ్మా" అంటారు. ఆ పిలుపు చెవిన పడగానే నాకు నోరు పెగలదు. కాగితమైతే నెమ్మదిగా రాసుకోవచ్చు, నడుమ కళ్లు తుడుచుకోవచ్చు. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకుని చదువు.

బొమ్మలో ఆరు పట్టీలు నిలబడి ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కింద ఇంగ్లీషులో ఎన్ ఒకటి, ఎన్ రెండు అని ఉన్నది. పక్కన ఏదో నిలువుగా రాసి ఉంటే మెడ వంచి చూశాను. సిరి వాళ్ల నాయన నవ్వి, "మెడ ఎందుకు వంచుతున్నవే, కాయితం తిప్పు" అన్నాడు. తిప్పినా ఇద్దరికీ తెలియలేదు.

ఇందులో మా మిద్దె ఏది బిడ్డా? నాకు కావలసింది అదొక్కటే. జ్వరంతో మంచం పట్టకముందు సిరి తన చేత్తో బిగించిన మొదటి గాజు పలక మా మిద్దె మీదిదే. ఆ తర్వాతే మిగతా అయిదు ఇండ్లకు పోయింది. "గాలిల దుమ్మెంతున్నదో జూస్తం పెద్దమ్మా, జర పలక పెట్టనియ్యుండ్రి. బొమ్మ అచ్చయితే కింద మీ పేరు రాయిస్త" అని ఇంటింటా మాటిచ్చింది. తను పోయినాక నువ్వు ఆ పని పట్టుకుని ఇంతదాకా తెచ్చావు. నీ కడుపు చల్లగుండాలె.

మీ పరిశోధన అచ్చయ్యే ఆ ఇంగ్లీషు పేపర్లో నేను చదవగలిగేది ఏమీ ఉండదు. కానీ బొమ్మలో మా ఇల్లు ఉంటే, ఇదిగో ఇది మాది, నా బిడ్డ చేసిన పని అని వేలు పెట్టి చూపించుకుంటాను. ఆ ఎన్‌లు తీసేసి పేర్లు రాయి.

మీ అమ్మ వంటిది,
మల్లవ్వ


ఉప్పల్,
మే నెలాఖరు

అమ్మా,

నమస్కారం. మీ ఉత్తరాన్ని గేటు దగ్గర సెక్యూరిటీ మొగిలయ్య నా చేతికిస్తూ, "ఈ కాలంల గూడ ఉత్తరాలు రాస్తరా మేడం? నాకైతే కరెంటు బిల్లు తప్ప ఇంకేం రాదు" అన్నాడు. కొంచెం గర్వంగా అనిపించింది.

మీరు అడిగినదానికి సిగ్గుపడ్డాను. ఆ బొమ్మ గీసేది కంప్యూటరే. లెక్కలన్నీ ఇచ్చి, కింది గీత వెంట ఇండ్లు పెట్టు, పక్క గీత వెంట దుమ్ము పెట్టు అని మేం ప్రోగ్రాం రాస్తాం. ఈ గీతలను యాక్సిస్‌లు అంటాం. వాటి దగ్గర ఏ పేర్లు ఉండాలో మనం చెప్పకపోతే, మా పట్టికలో ఏది ఉంటే అదే తెచ్చి అతికించేస్తుంది. ఎన్ అంటే నాచారం. మాకు చాలనిపించింది. చూసేవాళ్లకు చాలదని మీరు చెప్పేదాకా తట్టలేదు.

ఇప్పుడు మార్చాను. నిలువుగా ఉన్నది "పలక మీద నెలకు పడిన దుమ్ము" అని. దాన్ని తిప్పి, పైన అడ్డంగా పెట్టాను. ఇక మీరు మెడ వంచనక్కర్లేదు, బాబాయి కాగితం తిప్పనక్కర్లేదు.

తెలుగు పేర్లు పెట్టడం మాత్రం ఒక యుద్ధమైంది. మొదట అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఆ ఫాంటుకు తెలుగు తెలియదట. ఇంకో ఫాంటు పెడితే అక్షరాలు వచ్చాయి కానీ వత్తులు ఊడి పక్కన పడ్డాయి. మీ పేరులో రెండు వత్తులు కదా, రెండూ విడిగా నిలబడ్డాయి. మా గైడు జనార్ధనరావు సార్ అటుగా వచ్చి చూసి, "ఈవిడెవరో ఎముకలు విరిగి పడున్నారే" అన్నారు. చివరికి కుదిరింది.

ఇంకొకటి. ప్రోగ్రాం ఇండ్లను అక్షరాల వరసలో పెట్టింది. అది తీసేసి దుమ్ము ఎక్కువ నుంచి తక్కువకు పెట్టాను. అందరికన్నా ముందు సూర్యకళ గారు, చిట్టచివర మీరు. మీ పట్టీ ఎంత చిన్నదంటే దాదాపు లేనట్టే. చుట్టూ ఫ్యాక్టరీలు పెట్టుకుని మీ మిద్దె మీద గాలి అంత శుభ్రంగా ఎలా ఉందో నాకూ సార్‌కూ అంతుపట్టడం లేదు. పక్కన పెద్ద చెట్లేమైనా ఉన్నాయా అమ్మా?

ఇండ్లకు పంచడానికి ఆరు కాపీలు పంపుతున్నాను. అచ్చయ్యే పేపర్లో మనుషుల పేర్లు వేయనివ్వరు. దానికి ఏం చేయాలో ఆలోచిస్తాను.

ప్రజ్ఞ


నాచారం,
జూన్ నెల

బిడ్డా ప్రజ్ఞా,

బొమ్మలు పంచాను. పంచి చేతులు కాల్చుకున్నాను.

సూర్యకళ గారు నీకు తెలుసు కదా, రైలు పట్టాల పక్కన ఇల్లు, భర్త ఉమాపతి గారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. కోస్తా వైపు వాళ్లు. మంచి మనిషి, సిరి పోయినప్పుడు నాకు అన్నం కలిపి తినిపించింది. బొమ్మ చూసిందో లేదో, మా గేటు దగ్గరికి వచ్చేసింది.

"ఏమండీ మల్లవ్వగారూ, మా ఇంట్లో మూడు పూటలా చీపురు పడుతుందండీ. కాలనీ మొత్తంలో నా పేరు మీదే అంత పొడుగు గీతా?"

"అమ్మా, గది మీ ఇంట్ల దుమ్ము గాదు, గాలిల దుమ్ము" అన్నాను.

"చూసేవాళ్లకి ఏం తెలుస్తుందండీ? మా పృథ్వీకి సంబంధాలు చూస్తున్నాం. ఆడపిల్ల వాళ్లు వచ్చి ఈ కాగితం చూస్తే, ఈ ఇంటి కోడలు జీవితమంతా ఊడ్చుకోవాలి కాబోలు అనుకోరూ?"

వెనకే ఉమాపతి గారు చెప్పుల్లేకుండా వచ్చారు. "రైలు దుమ్మేనే అది, నీది కాదు. పరువు తీయకు పద" అన్నారు.

"మీరూరుకోండి. కూత వినపడకపోతే నిద్రపట్టదని పట్టాల పక్కన ఇల్లు కట్టించింది మీరు. పేరు మాత్రం నాదా? అలాగైతే పట్టాల పేరే రాయమనండి!"

నాకు నవ్వొచ్చింది కానీ ఆమె ముందు నవ్వలేదు. తర్వాత ఆలోచిస్తే ఆ మాట బాగుందనిపించింది. మిగతా ఇండ్లు తిరిగి అడిగాను. సిరి మాటిచ్చింది కాబట్టి పేరే ఉండాలంటారేమో అని భయపడ్డాను. ఎవ్వరూ అనలేదు. పక్కన ఏది ఉంటే అదే రాయమన్నారు. సూర్యకళ గారిది "రైలు పట్టాల పక్క". ఆ తర్వాత "లారీలు మళ్లే మూల", "ఫ్యాక్టరీ గోడ వెనుక", "బడి గ్రౌండు ఎదురు", "చెరువు కట్ట మీద". అప్పుడు ఎవరి దుమ్ము ఎవరిదో చూసేవాళ్లకే తెలుస్తుంది, మీ పేపరు వాళ్లకూ అభ్యంతరం ఉండదు. మాది "పాత మిల్లు సందు" అని పెట్టు.

మా గాలి సంగతి అడిగావు. చెట్లు లేవు, ఒక్క కరివేపాకు మొక్క ఉన్నది, అదీ కుండీలో. శుభ్రంగా ఎందుకుండదు చెప్పు? నేను వారం వారం చూసుకుంటాను. శుక్రవారం ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసి, ఆ తడిబట్ట మళ్లీ పిండుకుని మిద్దె ఎక్కి సిరి పెట్టిన పలకను నిగనిగలాడేటట్టు తుడుస్తాను. కళ్లద్దాలకు దుమ్ము పడితే ఏం కనబడుతుంది? ఆ పలకా అంతే కదా, తేటగా ఉంటేనే గాలిని బాగా చూస్తుంది. మిగతావాళ్లకు అంత ఓపిక ఎక్కడిది. నెల తిరగగానే సిరి వాళ్ల నాయన అన్ని ఇండ్ల పలకలూ విప్పి నీకు తెచ్చిచ్చేవాడు కదా, అన్నిట్లోకీ మాదే మెరిసేది. ఆయన కూడా చూసి మురిసేవాడు.

మన బొమ్మలో మన ఇల్లే బాగా వచ్చిందని తెలిస్తే సిరి ఎగిరి గంతేసేది.

మల్లవ్వ


ఉప్పల్,
జూలై

అమ్మా,

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, క్షమించండి. ల్యాబులో పని ఎక్కువగా ఉంది.

సూర్యకళ గారి ఆలోచన సార్‌కు చాలా నచ్చింది. పేర్లన్నీ మార్చాను. పొడుగు పేర్లు కావడంతో కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వంకరగా తిప్పితే చదవడానికి ఇబ్బంది. అందుకని బొమ్మనే పక్కకు పడుకోబెట్టాను. ఇప్పుడు పేర్లు ఎడమవైపు వరసగా, పట్టీలు కుడివైపుకు సాగుతాయి. రైలు పట్టాల పక్క, లారీలు మళ్లే మూల, ఫ్యాక్టరీ గోడ వెనుక, బడి గ్రౌండు ఎదురు, చెరువు కట్ట మీద. చాలా చక్కగా వచ్చింది. కొద్దిరోజుల్లో పంపుతాను.

బాబాయిని అడిగానని చెప్పండి. ఎండలకు జాగ్రత్త.

ప్రజ్ఞ


నాచారం,
జూలై

ప్రజ్ఞా,

జూలైలో ఎండలెక్కడివి బిడ్డా? ఇక్కడ బోనాలకు ముందు నుంచే వానలు పడుతున్నాయి. ఉప్పల్లో వేరే వాన కురుస్తుందా?

నువ్వు రాసిన పేర్లు చదివాను. మళ్లీ చదివాను. అయిదే ఉన్నాయి. సిరి వాళ్ల నాయనతో చదివించాను. "మన సందు పేరు రాయ మర్శిపోయిందేమో తియ్యి" అన్నాడు. నువ్వు మరిచిపోయే పిల్లవు కాదు. సిరి చెప్పులు మీ హాస్టల్ గదిలో ఉండిపోతే గుర్తుపెట్టుకుని తెచ్చిచ్చిన దానివి.

మా ఇల్లు బొమ్మలో లేదు కదా?

ఏదో ఉన్నది, నా దగ్గర దాస్తున్నావు. దవాఖానాలో డాక్టర్లు కూడా ఇట్లనే చేశారు. "తక్కువైతది అమ్మా, ఫికర్ జేయకు" అన్నారు. నేను వాళ్ల ముఖం చూసి నమ్మాను. నీ ముఖం నాకు కనబడదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయి.

మల్లవ్వ


ఉప్పల్,
జూలై

అమ్మా,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ పలక గాలిని చూసేది కాదు. గాలిలోంచి రాలే దుమ్మును పట్టి ఉంచేది. నెలంతా తాకకుండా వదిలేస్తే ఎంత దుమ్ము పడిందో, తీసుకొచ్చి తూచి చెప్తాం. మీరు ప్రతి వారం తుడిచారు కాబట్టి మీ మిద్దె మీద నిజంగా ఎంత పడిందో మాకు తెలియదు. ఆ చిన్న పట్టీ మీ గాలిది కాదమ్మా. అది పేపర్లో ఉంటే అబద్ధమవుతుంది. సిరి పేరు మొదట ఉన్న పేపర్లో అబద్ధం ఉండకూడదు.

తప్పు మీది కాదు. తుడవకూడదని మీకు చెప్పాల్సింది మేమే. మిగతా ఇండ్లవాళ్లకు సిరి చెప్పింది. సొంత ఇంట్లో చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదేమో. తర్వాతైనా నేను వచ్చి చెప్పాల్సింది. సిరి లేని ఇంటికి వచ్చి మీకు ముఖం చూపించలేక బాబాయి చేత పలకలు తెప్పించుకున్నాను.

మీ ఉత్తరం చదివిన రోజున, మీ లెక్కలు తీసేసి ప్రోగ్రాం మళ్లీ నడిపాను. లెక్కలు లేకపోయేసరికి దానంతటదే మీ పేరు కూడా తీసేసింది. మిగతా పేర్లు ఆ చోటులోకి జరిగిపోయాయి. అక్కడ ఒక ఇల్లు ఉండేదని ఎవరికీ తెలియనట్టు బొమ్మ సర్దుకుంది. అది చూసి నేను లేచి బయటికి వెళ్లిపోయాను. మీకు ఎలా చెప్పాలో తోచక ఆ ఎండల ఉత్తరం రాశాను.

కానీ అమ్మా, అది దాని అలవాటు మాత్రమే. లెక్క లేకపోయినా ఈ పేరు తీసేయొద్దు అని ఒక చిన్న ముక్క చేర్చి చెప్తే వింటుంది. అప్పుడు ఎడమవైపు వరసలో "పాత మిల్లు సందు" ఉంటుంది. దాని ఎదురుగా పట్టీ ఉండదు, ఖాళీ ఉంటుంది. సార్‌ను అడిగాను. "ఉంచొచ్చు. ఎందుకు ఖాళీయో కింద ఒక్క వాక్యం రాస్తే అది నిజాయితీ" అన్నారు.

మీకు అది బాధ అనిపిస్తే తీసేస్తాను. మీరు ఏం చెప్తే అది.

మీ ప్రజ్ఞ


నాచారం,
ఆగస్టు

బిడ్డా,

నీ ఉత్తరం చదివి ఆ పూట వంట చేయలేదు. నా బిడ్డ పెట్టిపోయిన పనిని నా చేత్తో నేనే చెరిపినాననుకున్నాను. సిరి వాళ్ల నాయన డ్యూటీ నుంచి వచ్చి పొయ్యి చల్లగా ఉండడం చూసి, ఏమైందన్నాడు. కాగితం చేతికిచ్చాను. గడపలో నిలబడే చదివాడు.

చదివి, నా వైపు చూసి, "దుమ్ము పట్టనీకి పెట్టిన పలకను తుడిసినవా?" అన్నాడు.

"తుడిసిన."

"వారం వారం?"

"పండుగలప్పుడు రెండుసార్లు."

ఆయన గోడకు ఆనుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నా. నవ్వుతున్నాడు! "నేను గూడ ఏమన్న తక్కువ దిన్ననా? మెరిసే పలకను జూసి, మా ఇంటామె పనిమంతురాలని మొగిలయ్యకు జెప్పుకున్న" అన్నాడు. ఇక నాకూ ఆగలేదు. "నీ బిడ్డ ఉంటే ఏమంటుండె?" అంటే, ఆయన సిరి గొంతు పెట్టి, "అమ్మా, నువ్వు నా పీహెచ్‌డీ తుడిసేసినవే!" అన్నాడు. అచ్చం దానిలాగే, నడుము మీద చేతులు పెట్టుకుని. సిరి పోయినాక ఈ ఇంట్లో మేమిద్దరం అంత నవ్వింది అదే. నవ్వి నవ్వి ఆకలైతే, బయటి నుంచి ఇడ్లీ తెచ్చుకుని తిన్నాం.

నువ్వు ముఖం చూపించలేకపోయావని రాశావు. నేను నీ గొంతు వినలేకపోయాను. ఇద్దరం ఒక్కటే, వదిలెయ్యి.

ఇప్పుడు బొమ్మ సంగతి. తీసేయకు. ఆ చిన్న పట్టీ వద్దు, అది మాది కానే కాదన్నావు కదా. ఖాళీ మాది. అది ఉంచు. మా సందులో దుమ్ము లేదని కాదు, ఎంతున్నదో తెలియలేదు, అంతే కదా? అదే నిజం.

కింద రాసే వాక్యంలో మాత్రం ఎవరో తుడిచినట్టు రాయకు. పిల్లి ముట్టిందో కోతి ముట్టిందో అనుకుంటారు. అమ్మ తుడిచిందని రాయి.

మరొక మాట. నువ్వు అడగలేదు కానీ, మిగతా ఇండ్లవాళ్లు ఎవరైనా తుడిచారేమో అని అనుమానం వచ్చింది. నువ్వు అడిగితే మొహమాటానికి లేదు మేడం అంటారు. నేనే పోయి, ముందు నా సంగతి చెప్పి అడిగాను. అందరూ పడీపడీ నవ్వారు కానీ ఎవరూ ముట్టలేదు. సూర్యకళ గారైతే, "సిరి నాతో ఒట్టు వేయించుకుందండీ. చీపురు పట్టుకుని మిద్దె ఎక్కితే నా మీద ఒట్టే ఆంటీ అంది. అందుకే మెట్ల దగ్గరే ఆగిపోయేదాన్ని" అని కళ్లు ఒత్తుకుంది. కాబట్టి ఆ అయిదూ నమ్మకంగా వేసుకో.

మల్లవ్వ


ఉప్పల్,
అక్టోబర్

అమ్మా!

మన పేపర్ అచ్చుకు ఒప్పుకున్నారు! మొదటి పేరు సిరిది, రెండోది నాది, చివర సార్‌ది.

బొమ్మ కింద వాక్యం దగ్గర చిన్న తగాదా అయింది. సార్ ముందు "శుభ్రపరచబడినందున" అని పెట్టారు. మీ మాట చెప్పాను. కాసేపు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మార్చమన్నారు. ఇంగ్లీషులో ఉంటుంది, మీకోసం తెలుగులో రాస్తున్నాను: "పాత మిల్లు సందులోని పలకను మొదటి రచయిత్రి తల్లి ప్రతి వారం తుడిచారు. అందువల్ల ఆ ఇంటికి కొలత లేదు." పేపర్ పరిశీలించినవాళ్లలో ఒకరు ఆ వాక్యం పక్కన "దీన్ని మార్చవద్దు" అని రాశారు.

ఇదిగో బొమ్మ. ఇండ్లకు తెలుగు కాపీలు కూడా. వచ్చే ఆదివారం కొత్త పలక తీసుకుని నేనే వస్తాను. బిగించి, ఈసారి మీకు చెప్పే వెళ్తాను.

మీ ప్రజ్ఞ


నాచారం,
నవంబర్

బిడ్డా ప్రజ్ఞా,

నువ్వు వచ్చిపోయిన తర్వాత ఇల్లు రెండు రోజులు సందడిగానే ఉన్నట్టనిపించింది. నువ్వు "అమ్మా" అంటుంటే మొదట ఉలిక్కిపడ్డాను కానీ, పప్పు రెండోసారి వడ్డించేసరికి అలవాటైంది. సిరి వాళ్ల నాయన రోజూ మిద్దె ఎక్కి పలకను దూరం నుంచి చూసి దిగుతున్నాడు. నన్నైతే ఎక్కనివ్వడం లేదు.

బొమ్మను ముందు గదిలో గోడకు పెట్టాం. వచ్చినవాళ్లంతా చూస్తున్నారు. పొడుగు పట్టీలను ఎవరూ పట్టించుకోవడం లేదు బిడ్డా. అందరూ ఖాళీ ఉన్నచోటే ఆగుతున్నారు. "ఇక్కడ ఏం లేదేంది?" అని అడుగుతున్నారు. పాలు పోసే అతను అడిగాడు. గ్యాసు బండ తెచ్చినతను అడిగాడు. అడిగినప్పుడల్లా కూర్చోబెట్టి చెప్తున్నాను. నాకొక బిడ్డ ఉండె, సిరి అని పేరు, గాలిలో దుమ్ము లెక్క కట్టేది, ఇట్ల పలక పెట్టింది, నేనిట్ల తుడిచాను అని. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇంతకుముందు నా ముందు దాని పేరెత్తడానికే జనం భయపడేవాళ్లు.

సూర్యకళ గారు ఇప్పుడు తన పట్టీని తానే చూపించుకుంటోంది. కాలనీ మీటింగుకు బొమ్మ పట్టుకుపోయి, పట్టాల వైపు చెట్లు నాటించాలని అందరితో గట్టిగా అన్నదట. కాకపోతే ఆమెకు అద్దాలు లేకుండా ఆ పేర్లు చదవరావడం లేదు. "ప్రజ్ఞకు చెప్పండీ, అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయమని" అంటోంది. ఒక పెద్ద కాపీ పంపు.

అక్షరాలు పెంచితే చోటు చాలదంటావేమో. పట్టీలను కొంచెం కురచ చేసుకో, ఎవరూ ఏమీ అనుకోరు. మా ఖాళీని మాత్రం తగ్గించకు.

మీ అమ్మ,
మల్లవ్వ